మనోవ్యాధి మందులు – చెప్పుకొనవలసిన బాధలు



జ్వరమునకు మందు పుచ్చుకొన్నవారు నాలుగు దినములలో ఆ సంగతియే మఱచిపోవుదురు. మధుమేహము గలవారు తమ మందులను గూర్చి పదిమందిలోను చెప్పుకొందురు. పెండ్లివారింట సైతము సూది తీసి పొడుచుకొనుటకు సిగ్గుపడరు. మనోవ్యాధికి మందు పుచ్చుకొను స్త్రీ మాత్రము ఆ మాత్రలను బియ్యపుడబ్బా వెనుక దాచుకొనును. వానివలన గలుగు బాధను మనస్సులో దాచుకొనును. ఈ రెండవ దాపరికము మొదటిదానికంటె నెంత యపాయకరమైనదో మా యింట జరిగిన యొక సంగతివలన నేను తెలిసికొంటిని. మా వదినగారి యనుమతితోనే దీనిని వ్రాయుచున్నాను. పేరు వ్రాయవలదని యామె కోరినది గనుక వ్రాయలేదు.

మాది నంద్యాల. మా అన్నగారి కాపురము ఆళ్ళగడ్డలో. రెండింటికిని నడుమ సుమారు 40 కిలోమీటర్ల దూరము. బస్సు దక్షిణముగా పోవుచుండగా ఎడమవైపున నల్లమల కొండలు తోడు వచ్చుచుండును. ఆళ్ళగడ్డలో దేవతావిగ్రహములు చెక్కు శిల్పులు పెక్కండ్రు కలరు. మా అన్నగారి యిల్లు అట్టి శిల్పశాల యొకదానికి చేరువనే యుండుటచే, ప్రొద్దు పొడిచినది మొదలు ఉలిచప్పుడు వినవచ్చుచుండును.

మా వదినకు 26వ యేట, రెండవ కాన్పు తరువాత, ఈ వ్యాధి మొదటిసారి కనబడినది. వారము దినములు కన్ను మూయలేదు. ఒడలెఱుగని యుత్సాహము, ఉన్న నగలన్నియు పంచిపెట్టబోయినది. పిమ్మట నది యణగి, నాలుగు మాసములు మంచము దిగలేదు. వైద్యులు దీనిని బైపోలార్ వ్యాధి యందురు. అప్పు డామెకు లిథియము అను మందు నిచ్చిరి. ఆ మందే యామెను మాకు తిరిగి యిచ్చినదని చెప్పుట న్యాయము. 17 సంవత్సరములు ఆమె యింటిని నడపినది, బిడ్డలను చదివించినది, పెద్దదాని పెండ్లి చేసినది. కావున నేనిప్పుడు చెప్పబోవునది మందులపై నింద గాదని మొదటనే మనవి చేయుచున్నాను.

ఆ తరువాత ఆమె తండ్రి మరణించుటతో వ్యాధి మరల తలయెత్తినది. ఒక వైద్యుడు లిథియమునకు తోడుగా ఓలాంజపిన్ వ్రాసెను. నిద్ర పట్టినది గాని యాకలి మితిమీరినది. ఒక్క యేడాదిలో 14 కిలోల బరువు పెరిగినది. వేఱొక యూర మఱియొక వైద్యుని చూపగా, ఆయన మొదటివానిని తీసివేయకయే రిస్పెరిడోన్ చేర్చెను. దానితో చేతులు బిగిసినవి, కాళ్ళు ఒకచోట నిలువవాయెను. అందులకు ట్రైహెక్సిఫెనిడిల్ వచ్చినది. దానివలన నోరు ఎండిపోయినది, మలబద్ధకము పట్టుకొన్నది. అందులకు మఱియొక మాత్ర. నిద్ర చాలదనగా క్లోనజెపామ్. ఇంతలో రక్తపుపోటు కనబడగా, సామాన్య వైద్యు డొకడు దానికి వేఱొక మాత్ర వ్రాసెను. ఉదయము మూడు, రాత్రి అయిదు, వెరసి యెనిమిది మాత్రలు. వీనిలో కొన్ని రోగమునకు మందులు. కొన్ని మందులకు మందులు. ముగ్గురు వైద్యులు వ్రాసిన మూడు చీటీలను ఒక్కచోట పెట్టి చూచినవారు ఒక్కరును లేరు.

ఇంటివారము మాత్రము ఏమి చూచితిమి? పది గంటలకుగాని లేవదని చూచితిమి, బద్ధక మంటిమి. లావెక్కినదని చూచితిమి, తిండి తగ్గింపు మంటిమి. కూర్చున్నచోట కూర్చుండక వసారాలో తిరుగుచున్నదని చూచితిమి. మనస్సు కుదురు లేదంటిమి. చాలకాలమునకు పిమ్మట నే నామెను, “వదినా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని యడిగితిని. ఆమె యిట్లనినది: “చెప్పితే ఏమంటారు చిన్నమ్మీ? ఒంట్లో ఎవరో ఉలితో కొడతాండట్లుంది, కాళ్ళు గుంజుతాండాయి అంటే, ‘మళ్లా మొదలయింది’ అంటారు. ఇంకో మాత్ర ఎక్కిస్తారు. దానికంటే ఊరకుండేదే మేలనుకుంటి.”

ఈ మాట నన్ను చాలకాలము బాధించినది. ఇతరుల నోట వచ్చినచో నొప్పి యనిపించుకొను మాట, మనోవ్యాధి గలవారి నోట వచ్చినచో రోగలక్షణ మనిపించుకొనును. ఆమె మౌనము నేర్చినది మందువలన గాదు, మావలన.

రెండేండ్ల క్రిందటి మే మాసము. మన ప్రాంతపు టెండలు మీరెఱుగనివి గావు; 44 డిగ్రీలు దాటిన దినములవి. వదినకు మోకాలినొప్పి వచ్చినది. మందుల అంగడిలో నడిగి నొప్పిమాత్రలు తెప్పించుకొని యెనిమిది దినములు వేసికొన్నది. రక్తపుపోటునకు మంచిదని యెవరో చెప్పగా ఉప్పు దాదాపు మానినది. తొమ్మిదవ దినమున విరేచనములు, వాంతులు మొదలైనవి. ఎప్పుడును సన్నగా వణకు చేతులు ఆనాడు గ్లాసు పట్టుకొనలేనంతగా వణకినవి. మాట ముద్దమాట యైనది, నడక తూలినది. మా అన్నగారు నాకు ఫోను చేసి, “రోగం తిరగబెట్టినట్లుంది, ఈ రాత్రికి నిద్రమాత్ర ఇంకొకటి వేస్తాము” అనిరి. నేనును సరే యంటిని. ఈ మాట దాచక వ్రాయుచున్నాను.

అప్పుడు వదిన చిన్న కూతురు, డిగ్రీ చదువుచున్న పిల్ల, తల్లిమాట వినుటకు దగ్గఱ కూర్చున్నది. తల్లి తడబడుచునే, “ఇది ఆ రోగం కాదే” అన్నదట. ఆ పిల్ల ఇంట నున్న మాత్రలన్నింటిని, మోకాలినొప్పి మాత్రలతో సహా, ఒక గుడ్డసంచిలో వేసికొని, తల్లిని కారులో నంద్యాలకు తీసికొని వచ్చినది. అచ్చటి వైద్యుడు సంచి నంతయు బల్లపై గ్రుమ్మరించి, ఒక్కొక్కదానిని చదివి, నొప్పిమాత్రల యట్టను వేఱుగా తీసిపెట్టెను. వెంటనే రక్తపరీక్ష చేయించెను. రక్తమున లిథియము 0.6 మొదలు 1 వఱకు నుండవలసినది 1.9 ఉండెను. ఆమెను వైద్యశాలలో చేర్చి, లిథియమును నిలిపి, సెలైను ఎక్కించిరి. మాట స్పష్టమగుటకు అయిదు దినములు పట్టినది. ఆ రాత్రి మేము నిద్రమాత్ర వేసి పరుండబెట్టియుండిన నేమగునో తలచుకొనుటకు నాకు ధైర్యము చాలదు.

ఇట్లేల జరిగినది? లిథియ మొక విధమైన లవణము. దానికిని మన మన్నములో వేసికొను ఉప్పునకును మూత్రపిండములు భేదము నెఱుగవు. ఎండవలన, వాంతివిరేచనములవలన శరీరమునుండి నీరును ఉప్పును పోయినపుడు, మూత్రపిండములు ఉప్పును పట్టి యుంచబోయి, దానితోడ లిథియమును గూడ పట్టి యుంచును. ఉప్పును ఒక్కసారిగా మానినను ఇంతే. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు లిథియము బయటికి పోవుటను మఱింత తగ్గించును. రక్తపుపోటునకు వాడు మందులలో గూడ కొన్ని యీ పనిని చేయును. పారాసిటమాల్ సాధారణముగా లిథియముతో ఇట్టి చిక్కు తేదు. ఇంత చిన్న సంగతి తెలియకపోవుటచే మా వదిన ప్రాణము మీదికి వచ్చినది.

ఈ మందుల చరిత్రయు మనము తెలిసికొనదగినదే. లిథియము ఉన్మాదము నణచునని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించెను. ఆయన మొదట మందిచ్చిన రోగి, యేండ్ల తరబడి ఆస్పత్రిలో మ్రగ్గినవాడు, కోలుకొని యింటికి పోయెను. ఆ రోగియే 1950లో లిథియపు విషమువలన మరణించెను. రక్తములో దాని పాలును కొలుచు పద్ధతి వాడుకలోనికి వచ్చిన పిమ్మటనే అది నమ్మదగిన మందైనది. పారిసు నగరమున 1952లో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌ను ప్రయోగించి కల్లోలితచిత్తులకు శాంతి చేకూర్చిరి. ఆ జాతి మందులవలన చేతులు బిగియుట, వణకుటయు త్వరలోనే తెలియవచ్చినవి. మన దేశమున సర్పగంధి వేరును ఉన్మాదమునకును రక్తపుపోటునకును వాడి ఫలితములను గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గారలు 1931లో ప్రకటించిరి. దానినుండి 1952లో తీసిన రిసర్పిన్ అను సారము లోకమంతట వాడబడినది. కాని యది కొందఱిని క్రుంగదీయుచున్నదని పిమ్మట వైద్యులు వ్రాసిరి. మనస్సునకు మేలు చేయు మందు శరీరమున నింకెచ్చటనో కీడు చేయుట క్రొత్త గాదు. ఆ కీడును కనిపెట్టి కొలుచుటయే చికిత్సలో సగము.

ఇంటివారు కనిపెట్టవలసిన సంగతులు కొన్ని కలవు. ఓలాంజపిన్, క్లోజపిన్ వంటివి ఆకలిని, బరువును, రక్తములో చక్కెరను పెంచును. అట్టివారిని తిండిపోతులని యెత్తిపొడుచుటకు బదులు, మందు మొదలుపెట్టునప్పుడే బరువు తూచి, చక్కెర పరీక్ష చేయించి, కొన్ని మాసముల కొకసారి మరల చూచుకొనవలెను. క్లోజపిన్ తెల్లరక్తకణములను తగ్గించు ప్రమాదము కలదు గనుక నియమముగా రక్తపరీక్ష కావలెను. జ్వరముగాని గొంతునొప్పిగాని వచ్చిన నాడే వైద్యునకు తెలుపవలెను. కాళ్ళు నిలువకుండుట, లోపల తహతహ, మొగములో కదలిక తగ్గుట, నాలుక పెదవులు తమంత తామే కదలుట – ఇవి మనస్సు చేయు పనులు గావు. మందు చేయు పనులు కావచ్చును.

స్త్రీలు నోరు విప్పి చెప్పని బాధలు మఱి రెండు కలవు. రిస్పెరిడోన్ వంటి మందులవలన నెలసరి ఆగిపోవుటయు, బిడ్డ లేకయే పాలు వచ్చుటయు జరుగవచ్చును. గర్భమని భ్రమపడి, లేదా సిగ్గుపడి, మాసముల తరబడి లోలోన క్రుంగినవారు కలరు. రెండవది యింకను ముఖ్యము. వాల్ప్రోయేట్ అను మందును గర్భవతి వాడినచో పుట్టిన బిడ్డలలో నూటికి సుమారు 10 మందికి అవయవలోపములు కలుగును. బుద్ధివికాసము కొఱవడువా రింకను ఎక్కువ. కావున పెండ్లికావలసిన పిల్లగాని, బిడ్డలు కావలెనను కోడలుగాని దీనిని వాడుచుండినచో గర్భమునకు ముందే వైద్యునితో మాటలాడవలెను. అంతేగాని భయపడి తనంత తాను మానరాదు.

మన యెండలను గూర్చి వేఱుగా చెప్పవలెను. నోరెండజేయు ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మందులు చెమటను గూడ తగ్గించును. మనోవ్యాధికి వాడు మఱికొన్ని మందులు ఒడలు వేడిని తట్టుకొను శక్తిని కుంటుపఱచును. వేసవిలో ఇట్టివారిని మిట్టమధ్యాహ్నము పొలమునకుగాని తిరునాళ్ళకుగాని పంపరాదు. దప్పి లేకపోయినను నీరిచ్చుచుండవలెను. అన్నములో ఉప్పును ఒక్కసారి మానుటయు, ఒక్కసారి పెంచుటయు గూడదు. వాంతులు, విరేచనములు, పెద్దవణకు, తూలుట, ముద్దమాట, మగత – లిథియము వాడువారిలో వీనిని చూచినచో మఱునాటికై ఆగక, తరువాతి మాత్ర వేయకయే, వైద్యశాలకు కొనిపోవలెను. మందుల సంచియు వెంట నుండవలెను.

“అయినచో మందులన్నియు మానుటయే మేలు గదా?” యని కొందఱు తలంపవచ్చును. అది పెద్ద పొరపాటు. లిథియమును ఒక్కసారిగా మానినవారికి వ్యాధి త్వరగా, తీవ్రముగా తిరిగి రావచ్చును. క్లోనజెపామ్‌ను హఠాత్తుగా నిలిపినచో నిద్ర పోవును. ఒక్కొక్కప్పుడు మూర్ఛలు గూడ వచ్చును. దాచి మానుటయు, దాచి సహించుటయు ఒక్క చెట్టు కొమ్మలే. రెండింటికిని మందు చెప్పుకొనుట.

మా వదిన వైద్యశాలనుండి వచ్చిన పిమ్మట నంద్యాల వైద్యు డామె నొక ప్రశ్న యడిగెను: “అమ్మా, ఈ బాధలలో మీకు అన్నింటికంటె భరింపరానిది ఏది?” ఇరువది యేండ్ల చికిత్సలో ఆ ప్రశ్న నామె నెవరును అడిగియుండలేదు. బరువని చెప్పునేమో యని నేననుకొంటిని. ఆమె, “కాళ్ళు నిలువకపోవడం. దేవుని ముందర కూడా కూర్చోలేను” అనినది. ఆయన మొదట రిస్పెరిడోన్‌ను కొంచెము కొంచెముగా తగ్గించి తీసివేసెను. బిగువును తహతహయు తగ్గుటతో ట్రైహెక్సిఫెనిడిల్‌తో పని లేకపోయెను. దానితో మలబద్ధకపు మాత్రయు పోయెను. క్లోనజెపామ్‌ను తగ్గించుటకు నాలుగు మాసములు పట్టినది. రక్తపుపోటు మాత్ర మారినది. లిథియమును తక్కువ మోతాదులో మరల మొదలుపెట్టి, మాత్ర వేసికొన్న 12 గంటలకు రక్తము తీసి పరీక్షించుచు, థైరాయిడును మూత్రపిండములను గూడ నియమముగా చూచుచున్నారు. ఎనిమిది మాత్రలు నాలుగైనవి. పది మాసములు పట్టినది. నడుమ రెండు వారములు నిద్ర చెడి మే మందఱము భయపడితిమి. అప్పు డాయన తగ్గించుట నాపి, కుదుటబడిన తరువాతనే ముందునకు సాగెను. బాధలన్నియు పోలేదు, చేతుల సన్నవణకు నేటికిని కలదు. బరువు సగమే తగ్గినది.

ఈ పది మాసములలో ఆమెకు తోడైనది 20 రూపాయల నోటుపుస్తకము. ఒక పుటలో మాత్రల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి. తక్కిన పుటలలో దినమున కొక పంక్తి – నిద్ర ఎన్ని గంటలు, ఏ బాధ, ఎప్పుడు మొదలైనది, నెలసరి, బరువు. ఏ మందుల అంగడికి పోయినను, పంటినొప్పికి పోయినను, ఆ పుస్తకమును ముందు చూపును. దానిని వ్రాయుట ఆమె వంతు. చదివి, “ఇది రోగమే” యని తీర్పు చెప్పకుండుట మా వంతు. రెండవదే కష్టము.

ఈ యడుగుట యొక వేడుకోలు గాదు; హక్కు. 2018 మే 29 నుండి అమలులో నున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ఇచ్చు చికిత్స యేదో, దానివలన కలుగునని తెలిసిన యితర ఫలితము లేవో రోగికి తెలుపవలెను. 2015–16 జాతీయ సర్వేలో మన దేశపు వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసికవ్యాధితో నుండిరి. కాబట్టి ఇది ఏ యొక్క యింటి రహస్యమును గాదు. తాలూకా వైద్యశాలలలోనే మనోవ్యాధికి చికిత్స జరుపవచ్చునని మన పొరుగుననున్న బళ్ళారి జిల్లాలోనే 1985 ప్రాంతమున ప్రయోగము చేసి చూపిరి. 2022లో నంద్యాల జిల్లాకేంద్రమైనది. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఊరు కదలలేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ వారు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు.

పోయిన మాసము నేను ఆళ్ళగడ్డ వెళ్ళితిని. వదిన పీటపై గూర్చుండి జొన్నరొట్టెలు తట్టుచున్నది. గంటసేపు అక్కడనుండి లేవలేదు. ఆ సంగతి నేను గమనించితినిగాని యేమియు ననలేదు. ఇంతలో ఆ వీథిలోని కోడలుపిల్ల యొకతె పెరటిదారిని వచ్చి, నన్ను చూచి, వెనుకకు పోబోయెను. “మా ఆడబిడ్డేలే, రామ్మా” అని వదిన పిలిచినది. ఆ పిల్ల కొంగు చాటునుండి రెండు మాత్రల యట్టలు తీసి నేలపై పెట్టి, నెమ్మదిగా, “ఇవి వేసుకున్నప్పటినుంచి మూడు నెలలయింది అక్కా, నెలసరి రాలేదు; మా అత్తకు చెప్పలేదు” అనినది. వదిన చేతిపిండి కడిగికొని, గూటిలోనుండి వ్రాయని నోటుపుస్తక మొకటి తీసి, కలముతో సహా ఆ పిల్ల చేతిలో పెట్టి, “మొదట ఈ పేర్లు రాసుకో. ఎల్లుండి నంద్యాలకు పొయ్యేటప్పుడు నీతో నేనొస్తా” అనినది.